మొదటి జవాబు

లింగాల ఘనపూర్ చుట్టుపక్కల నర్సమ్మ లీలావతిని ఎరగని ఇల్లు లేదు. యాభై రెండేళ్ల మనిషి. పల్లె దవాఖానలో ఏఎన్ఎంగా చేరి ఇరవై ఏడేళ్లయింది. టీకాల డబ్బా భుజాన తగిలించుకుని పొలం గట్ల వెంట తిరిగి తిరిగి మడమలు పగిలాయి గానీ మాటలో పదును మాత్రం తగ్గలేదు. నెలలు నిండిన కోడలిని కాన్పుకు జనగామ తీసుకుపోవాలా, ఇంకో రెండు రోజులు ఆగాలా అన్న తర్జనభర్జన ఏ ఇంట్లో వచ్చినా చివరి మాట ఆమెదే. ఆమె ఊరికే చెప్పదు, చూసి చెబుతుందని జనానికి నమ్మకం. బీపీ చూస్తుంది, కాలి వాపు నొక్కి చూస్తుంది, పాత కాగితాలు తిరగేస్తుంది. అప్పుడు గానీ నోరు తెరవదు.

ఆదివారం మాత్రం ఆమె పని వేరు. పొద్దున తొమ్మిదికల్లా పల్లె దవాఖాన వరండాలో చాపలు పరుస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి ఇంటర్ బైపీసీ చదివే ఆడపిల్లలు పది పన్నెండు మంది వస్తారు. ఎంసెట్ రాసి బీఎస్సీ నర్సింగ్‌లో సీటు తెచ్చుకోవాలని వాళ్ల ఆశ. పరీక్షకు సర్కారు కొత్త పేరు పెట్టినా ఊళ్లో అది ఇప్పటికీ ఎంసెట్టే. లీలావతి వాళ్లకు పాఠాలు చెప్పదు. "పాఠం మీ కాలేజీల చెప్తరు. పరీక్షల ఎట్ల కూసోవాల్నో నేను చెప్త" అంటుంది. పద్నాలుగేళ్ల క్రితం తనతో పనిచేసే ఆశా కార్యకర్త కూతురికి దరఖాస్తు నింపిపెట్టింది. ఆ పిల్లను వెంటబెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు రాయించింది. ఆ పిల్ల నర్సయింది. మరుసటి ఏడు ముగ్గురు వచ్చారు, ఆ తర్వాత ఆగలేదు.

ఆమె చెప్పే మాటలు ఆ పిల్లలకు కంఠస్థం.

"నూట అరవై ప్రశ్నలు, మూడు గంటలు. ముందుగాల జీవశాస్త్రం పట్టుండ్రి, సగం ప్రశ్నలు అండ్లనే ఉన్నయి. ఫిజిక్స్ లెక్కతోటి మొదలువెట్టి గంట ఆగం చేసుకోకుండ్రి. ప్రశ్న కింద వేలు పెట్టి ఆఖరి మాట దాకా సదువుండ్రి. సరైనది అడిగిండా, సరికానిది అడిగిండా? అరచేత జవాబులు మూసి, ముందు మీ జవాబు మనసుల అనుకోండ్రి. రాకుంటే దాని మీద అలుగకుండ్రి, విడిచిపెట్టి ముందుకు పోండ్రి. తప్పుకు మార్కు కోసెయ్యరు. అందుకని లేచే ముందు ఒక్కటి గూడ ఖాళీ ఉంచకుండ్రి."

ఇవన్నీ పనికొచ్చే మాటలే. వీటితో పాటు ఇంకో నియమం ఉండేది, అన్నింటికంటే గట్టిది. ఆ వరండాలోకి ఎవరూ రబ్బరు తేకూడదు. ఒకసారి పెట్టిన జవాబు మార్చకూడదు. "మొదటిసారి చెయ్యి ఎటు పోతదో అదే నిజం. రెండోసారి పోయేది భయం" అని చెప్పేది.

ఈ నియమం వెనక ఒక కథ ఉంది. పిల్లలందరికీ తెలిసిన కథే. ముప్పై మూడేళ్ల క్రితం, పంతొమ్మిదేళ్ల వయసులో, హన్మకొండలో లీలావతి నర్సింగ్ ప్రవేశ పరీక్ష రాసింది. గుండెలో ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే కవాటం ఏది అన్నది ఒక ప్రశ్న. ద్విపత్ర కవాటం అని పెట్టింది. చివరి పది నిమిషాల్లో అనుమానం వచ్చి, రబ్బరుతో చెరిపి, త్రిపత్ర కవాటం అని మార్చింది. బయటికొచ్చి బస్టాండులో పుస్తకం తెరిచి చూసుకుంటే మొదట పెట్టిందే సరైనది. జాబితా వచ్చినప్పుడు ఒక్క మార్కుతో సీటు పోయింది. ఇంట్లో రెండోసారి రాయనియ్యలేదు. పద్దెనిమిది నెలల ఏఎన్ఎం శిక్షణకు పంపారు. ఆ ఉద్యోగాన్ని ఆమె ప్రేమగానే చేసింది. అయినా జనగామ దవాఖానకు గర్భిణిని తీసుకుపోయి స్టాఫ్ నర్సు చేతికి కాగితాలు అందించే ప్రతిసారీ, ఆ చెరిపిన జవాబు లోపల ఎక్కడో కలుక్కుమనేది.

రెండేళ్ల క్రితం స్వప్న అనే పిల్ల ఉండేది. చురుకైన పిల్ల, సీటు ఖాయమనుకున్నారు అందరూ. పరీక్ష అయిపోగానే ఫోన్ చేసి, "కొన్ని మార్చబుద్ధయింది మేడం. మీరు చెప్పిండ్రు గదా, మార్చలే" అంది. "శాబాష్ బిడ్డా" అంది లీలావతి. స్వప్నకు సీటు రాలేదు. ఆ ఏడు పోటీ ఎక్కువ అనుకున్నారు.

ఈ సంవత్సరం జనవరిలో సోని వచ్చింది. రఘునాథపల్లి అవతల తండా ఆ పిల్లది. తండ్రి హీర్యా హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయి నెలకోసారి ఇంటికొస్తాడు. తల్లి ఉన్న రెండెకరాలు చూసుకుంటుంది. సోని రెండు ఆటోలు మారి వచ్చి, ఎప్పుడూ గోడకు ఆనుకుని కూర్చునేది. నాలుగో ఆదివారం ఆ పిల్ల రాసిన కాగితం దిద్దబోయి లీలావతి ఆగిపోయింది. రబ్బరు లేదు కాబట్టి పెన్నుతో కొట్టేసి పక్కన వేరే జవాబు రాసింది. ఒకటీ రెండూ కాదు, తొమ్మిది చోట్ల.

"ఏందే ఇది, నాగలి కట్టి దున్నినట్టు?"

"మార్చిన మేడం."

"మార్చొద్దని ఎన్నిసార్లు చెప్పిన?"

"వారం వారం చెప్తున్నరు మేడం."

పిల్లలు కిసుక్కున నవ్వారు. సోని నవ్వలేదు. "రెండోపారి సదివితే తప్పని తెలిసింది. తెలిసినాక గట్లనే ఎట్ల ఉంచాలె?" అంది.

లీలావతి కోపం దిగమింగుకుని, ఈ పిల్ల కొత్తది కదా అని, కవాటం కథ మొదటి నుంచీ చెప్పింది. హన్మకొండ, రబ్బరు, బస్టాండు, ఒక్క మార్కు. సోని కళ్లార్పకుండా విన్నది. అంతా విని, "మీరు ఆ రోజు గా ఒక్కటే మార్చిండ్రా మేడం?" అని అడిగింది.

ఎత్తిపొడుపు కాదు. తెలుసుకోవాలనే అడిగింది. అవును అనబోతుంటే లీలావతికి ఆ రోజు కాగితం మీద పేరుకున్న రబ్బరు పొట్టును నోటితో ఊదడం గుర్తొచ్చింది. ఒక్క జవాబు చెరిపితే అంత పొట్టు రాదు. నాలుగైదు మార్చి ఉంటుంది. మిగతావి ఏమయ్యాయి? ఏనాడూ చూసుకోలేదు. బస్టాండులో ఆ ఒక్కటి కనబడగానే పుస్తకం మూసేసింది.

"కూసో" అంది సోనితో, కాస్త కటువుగానే.

తర్వాతి ఆదివారం సోని ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చింది. అప్పటిదాకా ఇంటి దగ్గర రాసిన పదకొండు పాత ప్రశ్నపత్రాల్లో మార్చిన ప్రతి జవాబునూ అందులో ఎక్కించింది. మొత్తం అరవై నాలుగు. తప్పు నుంచి ఒప్పుకు మారినవి ముప్పై ఏడు. ఒప్పు నుంచి తప్పుకు పోయినవి పదమూడు. తప్పు నుంచి ఇంకో తప్పుకు పోయినవి పద్నాలుగు.

"నువ్వొక్కదానివే గిట్లుంటవేమో" అంది లీలావతి.

సోని తల దించుకుని నెమ్మదిగా చెప్పింది. "మా ఇంట్ల లంబాడి మాట్లాడ్తం మేడం. బడికి పోయినాకనే నాకు తెలుగు వచ్చింది, కాలేజీకి పోయినాక ఇంగ్లీషు. ప్రశ్న మొదటిసారి సదివితే ఉత్తగ సదివినట్టే ఉంటది. రెండోసారి మా మాటల చెప్పుకుంట. అప్పుడు తెలుస్తది ఏం అడిగిండో." నోట్‌బుక్ తిప్పి ఒకటి చూపించింది. సరికాని వాక్యం ఏది అని ప్రశ్న. పుపుస సిర ఆక్సిజన్ ఉన్న రక్తాన్ని గుండెకు తెస్తుంది అన్న వాక్యం నిజమే కాబట్టి మొదట దాన్నే పెట్టింది. రెండోసారి సొంత భాషలో చెప్పుకున్నాక, అడిగింది నిజం కానిది కదా అని తట్టింది. "మొదటిది నా జవాబు కాదు మేడం. రెండోదే నాది."

లీలావతి పిల్లల్ని పంపేసి ఇంటికొచ్చి, అన్నం తిన్నాక, మంచం కింది రేకు పెట్టె లాగింది. పద్నాలుగేళ్ల కాగితాలు అందులో ఉన్నాయి. ఎవరు ఎక్కడ పొరబడ్డారో చూసుకునేందుకు దాచినవి. ఒక్కొక్కటే తీసి చూసింది. ఎక్కడా కొట్టివేత లేదు, చెరిపిన మరక లేదు. ఒకటి పెట్టారు, ముందుకు పోయారు. సోని చెప్పింది నిజమో అబద్ధమో తేల్చడానికి ఆ పెట్టెలో ఒక్క కాగితం కూడా పనికిరాదు. మార్చనిస్తే కదా మారిస్తే ఏమవుతుందో తెలిసేది. ఆ సంగతి తలకెక్కేసరికి ఆమె పెట్టె అట్లాగే వదిలేసి బయటికొచ్చింది.

భర్త జైపాల్ పత్తి చేనుకు మందు కొట్టే పంపు బాగు చేసుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు. ఆమె ముఖం చూసి, "ఏమైంది?" అన్నాడు. చెప్పింది. అతను పంపు పక్కన పెట్టాడు.

"ఎవ్వలన్న వచ్చి నా బీపీ ఎంతున్నది అంటే ముఖం చూసి చెప్తవా, మిషన్ పెట్టి చూస్తవా?"

"మిషన్ పెట్టి చూస్త."

"మరి దీనికి గూడ పెట్టి చూడు. పరేషాన్ ఎందుకు?"

అతను అన్నంత తేలిక కాలేదు ఆ పని. పద్నాలుగేళ్లుగా గట్టిగా చెప్పిన మాట తప్పని తేలుతుందేమో అన్న భయం ఒకవైపు. తేలకూడదని లోపల్లోపల మొక్కుకోవడం ఇంకోవైపు. అయినా మరుసటి ఆదివారానికి ఆమె పన్నెండు మంది పిల్లలకు రెండేసి పెన్నులు తెమ్మని కబురు పెట్టింది. మొదట నీలం పెన్నుతో రాయాలి. చివరి అరగంట ఎర్ర పెన్నుతో, ఎవరికి ఏది మార్చాలనిపిస్తే అది మార్చాలి. మార్చిన చోట ఎందుకు మార్చారో ఒక ముక్క పక్కన రాయాలి. అట్లా మూడు ఆదివారాలు రాయించింది.

మూడో వారం లెక్క తేలింది. మొత్తం మార్చినవి నూట నలభై ఎనిమిది. ఒప్పుకు వచ్చినవి ఎనభై మూడు. చెడినవి ముప్పై నాలుగు. మిగతావి ఇటూ తప్పే, అటూ తప్పే. లీలావతి రెండుసార్లు కూడింది. సోనిని పిలిచి కూడించింది. అంకె మారలేదు.

అయితే ఆ కాగితాల్లో ఇంకో సంగతి కూడా కనబడింది. అక్షయ అనే పిల్లది మాత్రం లెక్క తలకిందులు. ఎర్ర పెన్ను పెట్టిన చోటల్లా ఒప్పు కాస్తా తప్పయింది. ఆ పిల్ల పక్కన రాసిన కారణాలు చూస్తే "డౌటుగ ఉన్నది", "డౌటుగ ఉన్నది", "అందరు వేరేది పెట్టిండ్రు కావచ్చు". సోని కాగితంలో "కానిది అన్న మాట చూడలే", "మైనస్ గుర్తు మరిచిన", "ఆకు కాదు, కాండం అడిగిండు" అని ఉన్నాయి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని లీలావతి మళ్లీ చదివింది. మార్చడంలో దోషం లేదు. ఎందుకు మారుస్తున్నామో నోటితో చెప్పగలగాలి, అంతే. హన్మకొండలో ఆ రోజు త్రిపత్రం అని ఎందుకు మార్చావు అని తనను ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేది? ఏమీ చెప్పలేకపోయేది. గుండె దడదడలాడిందని చెప్పేది.

ఈ మాట పిల్లలకు చెప్పాలి. కానీ అంతకంటే ముందు చెప్పాల్సిన మనిషి ఇంకొకరు ఉన్నారు.

మంగళవారం మధ్యాహ్నం టీకాల నివేదికలు ఇవ్వడానికి జనగామ పోయినప్పుడు, బస్టాండు దగ్గర స్వప్న పనిచేసే రక్తపరీక్షల కేంద్రానికి వెళ్లింది. సీటు రాకపోయాక స్వప్న ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరి, సగం పూట ఇక్కడ పని చేస్తోంది. లీలావతిని చూసి లేచి నిలబడి కుర్చీ వేసింది గానీ, ఎప్పటిలా మాటలు దొర్లలేదు.

"పరీక్ష నాడు ఫోన్ చేసినవు, యాదికున్నదా?"

"ఉన్నది మేడం."

"మార్చలే అంటే శాబాష్ అన్న. గది తప్పు బిడ్డా. మొన్న లెక్క చూసిన. తెలిసి మార్చుకుంటే మంచిగనే అయితున్నది. నేను చూడకుండనే మీకు చెప్పిన."

స్వప్న ముందున్న గాజు గొట్టాలను మూతల రంగుల ప్రకారం సర్దుతోంది. చేతులు ఆగలేదు. "ఆరు, మేడం" అంది.

"ఏంది?"

"మార్చబుద్ధయినయి తొమ్మిది. కీ వచ్చినాక చూసుకున్న. ఆరు ఒప్పయ్యేటివి."

"నాకు చెప్పలే."

"చెప్పి ఏం చెయ్యాలె మేడం? మీరు బాధపడ్తరు. సీటయితే రాదు గద."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? ఏడాది దాకా మీ ఊరి దిక్కు రాలే. బతుకమ్మకు మా పెద్దమ్మ పిలిచినా రాలే."

అంతలో ఒక ముసలాయన చీటీ పట్టుకుని వచ్చాడు. స్వప్న అతన్ని కూర్చోబెట్టి, చేతికి రబ్బరు పట్టీ బిగించి, "జర పిడికిలి పట్టు తాతా" అని, ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకుంది. ఎండిపోయిన చెయ్యి, నరాలు జారిపోయే వయసు. లీలావతి ఇన్నేళ్ల అనుభవంలో అంత నిబ్బరమైన చేతులు కొద్దిమందివే చూసింది. మెచ్చుకోవాలనిపించింది. ఇప్పుడు మెచ్చుకుంటే తన తప్పుకు మెత్తని గుడ్డ కప్పినట్టవుతుందని ఊరుకుంది.

ముసలాయన వెళ్లాక స్వప్న అడిగింది. "పిల్లలకు చెప్పిండ్రా?"

"ఇంకా లేదు. ముందు నీకు చెప్పాలని వచ్చిన."

స్వప్న తల ఊపింది. నవ్వలేదు. క్షమించాననీ అనలేదు. లీలావతి లేచాక మాత్రం గుమ్మం దాకా వచ్చి, "ఎండ బాగున్నది, నడవకుండ్రి. ఆటో ఎక్కుండ్రి" అంది.

ఆ ఆదివారం వరండాలో లీలావతి దాచకుండా చెప్పింది. "ఇన్నేండ్లు నేను మీకు ఒక మాట తప్పు చెప్పిన. నాకు తగిలిన దెబ్బను పట్టుకుని అందరికీ మందు రాసిన. ఇప్పటి సంది ఇట్ల చెయ్యండ్రి. కారణం చెప్పగలిగితే మార్చండ్రి. దడ పుడితే మాత్రం మార్చకుండ్రి, రెండు నిమిషాలు కళ్లు మూసుకోండ్రి." పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మేడం తప్పు ఒప్పుకోవడం వాళ్లకు కొత్త. అక్షయ మాత్రం, "అయితే నేను మార్చొద్దన్నట్టేనా మేడం?" అంది బెదురుగా. "నీకు నువ్వు చెప్పుకోవాలె. చెప్పుకోనీకె మాట దొరికితే మార్చు" అంది లీలావతి.

మేలో పరీక్ష జరిగింది. హన్మకొండ సెంటర్ నుంచి బయటికి రాగానే సోని ఫోన్ చేసింది. "పదమూడు మార్చిన మేడం. పదమూడిటికి కారణం ఉన్నది." కీ వచ్చాక చూస్తే తొమ్మిది ఒప్పయ్యాయి, రెండు చెడ్డాయి, రెండు ఎటూ కాలేదు. అక్షయ ఒక్కటే మార్చింది, అది ఒప్పయింది. అయినా ర్యాంకు చాలలేదు. ఫిజిక్స్ ఆమెను ముంచింది. వచ్చే ఏడు మళ్లీ రాస్తానంది. సోనికి కౌన్సెలింగ్‌లో భూపాలపల్లి నర్సింగ్ కాలేజీలో సీటు దొరికింది.

చేరడానికి పోయే ముందు రోజు హీర్యా బిడ్డను వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. "నర్సమ్మా, మా పిల్ల మాటకు మాట చెప్తదని ఇంట్ల తిడ్తం. మీ దగ్గర గూడ చెప్పిందట, ఏమనుకోకుండ్రి" అన్నాడు.

"చెప్పింది అన్నా. చెప్పబట్టే నాకు తెలిసింది. రేపు దవాఖానల గూడ గట్లనే చెప్పాలె. డాక్టర్ తొందరల తప్పు మందు రాస్తే నర్సు నోరు మూసుకుని ఇయ్యొద్దు."

హీర్యాకు ఆ మాట సగమే అర్థమైనట్టుంది. బిడ్డ వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. సోని వంగి లీలావతి కాళ్లకు మొక్కబోతే, ఆమె భుజాలు పట్టి లేపింది. "పో, బస్సు పోతది" అంది.

దసరా సెలవులు దాటాక కొత్త పిల్లలు మొదలయ్యారు. ఈసారి పదిహేను మంది, అందులో అక్షయ కూడా ఉంది. మొదటి రోజే ఒక పిల్ల లేచి, "పరీక్షకు ముందు రోజు సదువుకోవాల్నా మేడం, పుస్తకం మూసి పండుకోవాల్నా?" అని అడిగింది. పండుకోవాలె అన్న మాట లీలావతి నాలుక చివరి దాకా వచ్చింది. ఎన్నో ఏళ్లుగా చెబుతున్నదే.

"నాకు తోచేది ఒకటి ఉన్నది గని, అది నిజమో కాదో తెల్వదు. వచ్చే ఆదివారం పేపర్ రాస్తరు. సగం మంది ముందు రోజు సదువుకుని రాండ్రి, సగం మంది సదవకుండ రాండ్రి. ఆ పై వారం అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు. నెల చూద్దాం."

"నేను సదవనోళ్లల్ల ఉంట మేడం" అని ఎవరో వెనక నుంచి అరిచారు. అందరూ పక్కుమన్నారు. ఎవరు ఎటు ఉండాలో తేల్చుకోలేక పిల్లలు వాదులాడుకుంటుంటే, లీలావతి ఇంకో చాప తేవడానికి లోపలికి వెళ్లింది.